లైనక్స్ బ్యాకప్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గజపతి, రాయగడ, గంజాం, కోరాపుట్ జిల్లాలవే. అడిగిందీ దాదాపు ఒకటే: లైనక్స్‌లో బ్యాకప్‌కి సులువైన సాఫ్ట్‌వేర్ ఏది? మొదటి జవాబు కాస్త పొడుగ్గా ఉంటుంది. మిగతావాటికి అదే పునాది.

ప్రశ్న: మా డీటీపీ సెంటర్లో తెలుగు, ఒడియా పనులు రెండూ చేస్తాం. లైనక్స్ మింట్ వేసిన కంప్యూటర్, 500 జీబీ ఎస్‌ఎస్‌డీ. శుభలేఖలు, దస్తావేజులు, బడి ప్రశ్నపత్రాలు అన్నీ కలిపి 80 జీబీ ఉంటాయి. 1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ కొన్నాను. సాఫ్ట్‌వేర్ చూద్దామంటే పది పేర్లు చెబుతున్నారు. టైమ్‌షిఫ్ట్ మింట్‌తోనే వచ్చింది కదా, అది చాలదా? తికమక లేకుండా ఒకటి చెప్పండి. (పర్లాకిమిడి నుంచి ఒక పాఠకుడు)

చాలదండీ. టైమ్‌షిఫ్ట్ కాపాడేది సిస్టమ్‌ని, మీ పనిని కాదు. అప్‌డేట్ బెడిసికొట్టినా, కొత్త డ్రైవర్ వేశాక తెర నల్లబడినా సిస్టమ్‌ని మొన్నటి స్థితికి తీసుకెళ్లడం దాని పని. హోమ్ ఫోల్డర్‌ని, అంటే మీ 80 జీబీని, అది మామూలుగా ముట్టుకోదు. అది లోపం కాదు, కావాలని అలా పెట్టారు. సిస్టమ్ వారం వెనక్కి వెళ్లాలి గానీ మీరు నిన్న టైప్ చేసిన దస్తావేజు వెళ్లకూడదు కదా. కొందరు సెట్టింగ్స్‌లో హోమ్‌ని కూడా చేర్చేసి నిశ్చింతగా ఉంటారు. ఇది ఇంకా ప్రమాదం. పోయిన శుక్రవారం స్నాప్‌షాట్‌ని (ఆ రోజున్న స్థితి కాపీని) రీస్టోర్ చేశారంటే, శుక్రవారం తర్వాత దిద్దిన ఫైళ్లన్నీ శుక్రవారం నాటి రూపానికి వెళ్లిపోతాయి. టైమ్‌షిఫ్ట్‌ని ఉంచుకోండి, హోమ్ జోలికి మాత్రం పోనివ్వకండి.

మీ ఫైళ్లకు మేం చెప్పే పేరు బ్యాక్ ఇన్ టైమ్. ఇంతకంటే అందంగా కనిపించేవి ఉన్నాయి. డెజా డూప్, పికా బ్యాకప్ రెండూ చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. కానీ ఆ రెండూ ఫైళ్లను తమదైన మూటలుగా కట్టి దాస్తాయి, ఆ మూట విప్పాలంటే ఆ సాఫ్ట్‌వేరే కావాలి. బ్యాక్ ఇన్ టైమ్ తీసే కాపీ మామూలు ఫోల్డర్, మామూలు ఫైలు. మీ కంప్యూటర్ పూర్తిగా పాడైనా డిస్క్ తీసుకెళ్లి వేరే ఏ లైనక్స్ మెషీన్‌కి తగిలించినా, తేదీ పేరున్న ఫోల్డర్ తెరిచి కావలసిన శుభలేఖ తీసుకోవచ్చు. బ్యాకప్ తీసేది మీరే అయినా, అవసరమైన రోజున కంప్యూటర్ ముందు ఇంకెవరో ఉండొచ్చు. మూడు బటన్లు ఎక్కువున్నా ఇదే సులువు అనడానికి కారణం అది.

చోటు ఎలా ఆదా అవుతుందో ముందే తెలిస్తే తర్వాత కంగారు ఉండదు. మొదటిసారి 80 జీబీ మొత్తం కాపీ అవుతుంది. మర్నాడు 300 ఎంబీ మారితే ఆ 300 ఎంబీ మాత్రమే కొత్తగా రాస్తుంది. మారని ఫైళ్లకు హార్డ్ లింకులు పెడుతుంది, అంటే డిస్క్ మీద ఉన్న ఒకే ఫైలుకి రెండో పేరు తగిలిస్తుంది. అందుకే ప్రతి తేదీ ఫోల్డరూ 80 జీబీ ఉన్నట్టే కనిపిస్తుంది. నిజంగా పట్టే చోటు చాలా తక్కువ. అయితే ఫైల్లో ఒక్క అక్షరం మారినా ఆ ఫైలు మొత్తం మళ్లీ కాపీ అవుతుంది. పేజ్‌మేకర్ కోసం వర్చువల్‌బాక్స్‌లో విండోస్ నడుపుతుంటే దాని డిస్క్ ఫైలు 30, 40 జీబీ ఉంటుంది, రోజూ మారుతుంది, మీ 1 టీబీని నెల తిరక్కుండానే మింగేస్తుంది. ఆ ఫోల్డర్‌ని ఎక్స్‌క్లూడ్ జాబితాలో పెట్టి, వారానికోసారి చేత్తో కాపీ చేసుకోండి. కాపీ చేసే ముందు వర్చువల్ మెషీన్‌ని షట్‌డౌన్ చేయడం తప్పనిసరి. నడుస్తుండగా తీసిన కాపీ తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు.

ఇక డిస్క్. కొత్త ఎక్స్‌టర్నల్ డిస్కులు ఎక్కువగా ఎన్‌టీఎఫ్‌ఎస్ గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ ఫార్మాట్‌తో వస్తాయి. ఎక్స్‌ఫ్యాట్‌లో హార్డ్ లింకులు ఉండవు. లైనక్స్ పర్మిషన్లు రెండింట్లోనూ సరిగ్గా నిలవవు. కనుక లైనక్స్ సొంత ఫార్మాట్ అయిన ఈఎక్స్‌టీ4 చేయాలి. మెనూలో డిస్క్స్ ప్రోగ్రాం తెరిచి, ఎడమవైపు ఎక్స్‌టర్నల్ డిస్క్‌నే ఎంచుకున్నారని సైజు చూసి నిర్ధారించుకోండి. పళ్లచక్రం గుర్తు నొక్కితే ఫార్మాట్ పార్టిషన్ వస్తుంది. అందులో పేరు ఇచ్చి, ఈఎక్స్‌టీ4 ఎంచుకోండి. డిస్క్‌లో ఉన్నదంతా పోతుంది. విండోస్‌లోనూ కొంత వాడుకోవాలంటే రెండు పార్టిషన్లు (భాగాలు) చేయండి: 700 జీబీ ఈఎక్స్‌టీ4, మిగతాది ఎక్స్‌ఫ్యాట్. ఫార్మాట్ జీపార్టెడ్ అనే ఇంకో ప్రోగ్రాంతో చేస్తే ఒక చిక్కు ఉంది. కొత్త పార్టిషన్‌కి యజమాని రూట్ (సిస్టమ్ మీద సర్వాధికారాలున్న యూజర్) అవుతుంది, బ్యాక్ ఇన్ టైమ్ 'ఇక్కడ రాయలేను' అంటుంది. అప్పుడు ఆ డిస్క్ తెరిచి, ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి, ఓపెన్ యాజ్ రూట్ ఎంచుకోండి. ప్రాపర్టీస్‌లో పర్మిషన్స్‌కి వెళ్లి ఓనర్ దగ్గర మీ యూజర్ పేరు పెడితే సరిపోతుంది.

సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో బ్యాక్ ఇన్ టైమ్ అని వెతికి, క్యూటీ అన్న పేరుతో ఉన్నదాన్ని ఇన్‌స్టాల్ చేయండి. మెనూలో రెండు గుర్తులు వస్తాయి, ఒకటి మామూలుది, రెండోది రూట్. మీకు మామూలుది చాలు. ఒకరోజు దీనితో, ఒకరోజు దానితో నడిపితే రెండు వేర్వేరు సెట్టింగులు తయారై, ఏ బ్యాకప్ ఎక్కడుందో తెలియకుండా పోతుంది.

సెట్టింగ్స్‌లో మొదటి ట్యాబ్‌లో మోడ్ లోకల్, చోటు మీ ఎక్స్‌టర్నల్ డిస్క్. తర్వాత ఇన్‌క్లూడ్. హోమ్ ఫోల్డర్ మొత్తం పెట్టేయండి, ఏరుకుంటూ కూర్చుంటే అసలైనది మర్చిపోతారు. చుక్కతో మొదలయ్యే దాగిన ఫోల్డర్లూ ఇలాగే వచ్చేస్తాయి, మీ పనికి వాటితో పెద్ద అవసరం ఉంది. మీరు విడిగా వేసుకున్న ఫాంట్లు మామూలుగా ఉండేది అక్కడే. పాత ఒడియా ఫైళ్లు ఆకృతి ఫాంట్లలోనూ, పాత తెలుగు ఫైళ్లు అను ఫాంట్లలోనూ ఉంటే, ఫాంటు లేకుండా ఫైలొక్కటే దొరికి లాభం లేదు. పిచ్చి గుర్తులు తప్ప ఏమీ కనిపించవు.

ఎక్స్‌క్లూడ్ ట్యాబ్‌లో క్యాష్, ట్రాష్ ముందే ఉంటాయి, బాగానే ఉంది. కానీ అదే జాబితాలో చుక్క, ఆ వెంటనే బ్యాకప్ అన్న మాట పేరులో ఉన్న ఫైళ్లను వదిలేయమనే నియమం కూడా ఉంటుంది. రీస్టోర్ చేసేటప్పుడు పాత ఫైలుని ఈ ప్రోగ్రామే అలాంటి పేరుతో పక్కన పెడుతుంది కాబట్టి ఆ నియమం పెట్టారు. మీకు కూడా ముఖ్యమైన ఫైళ్లకు అలా పేరు పెట్టే అలవాటుంటే అవి ఎప్పటికీ బ్యాకప్‌లోకి రావు. ఆ నియమం తీసేయండి, లేదా పేరు మార్చుకోండి.

షెడ్యూల్ దగ్గర చాలామంది రోజూ రాత్రి పది గంటలకని పెడతారు. సెంటర్ ఎనిమిదికి మూసేస్తే పదింటికి కంప్యూటర్ ఆఫ్‌లో ఉంటుంది, బ్యాకప్ జరగదు, ఎవరికీ తెలియదు. డిస్క్ సొరుగులో పెట్టి రోజుకోసారి తగిలించేట్టయితే, డ్రైవ్ కనెక్ట్ అయినప్పుడు అన్నది ఎంచుకోండి. తగిలించగానే మొదలవుతుంది. ఈ ఏర్పాటు ఆ డిస్క్ యూయూఐడీకి, అంటే దాని ప్రత్యేక గుర్తింపు సంఖ్యకి, కట్టుబడి ఉంటుంది. డిస్క్‌ని మళ్లీ ఫార్మాట్ చేసినా, కొత్తది కొన్నా సెట్టింగ్స్ తెరిచి మళ్లీ సేవ్ చేయాలి.

పాతవి తీసేసే ట్యాబ్‌లో స్మార్ట్ రిమూవ్ ఆన్ చేసి, రోజుకొకటి చొప్పున 7 రోజులు, వారానికొకటి చొప్పున 4 వారాలు, నెలకొకటి చొప్పున 24 నెలలు ఉంచమనండి. 80 జీబీకి 1 టీబీ డిస్క్ మీద ఇది హాయిగా సరిపోతుంది.

మొదటి కాపీకి యూఎస్‌బీ 3 పోర్టు వాడండి, సాధారణంగా లోపల నీలం రంగు ఉంటుంది. మామూలు తిరిగే డిస్క్ సెకనుకి 100 ఎంబీ దాకా రాస్తుంది, లెక్క ప్రకారం 80 జీబీకి పావుగంట. పాత యూఎస్‌బీ 2 పోర్టులో 30, 35 ఎంబీ మించదు, ముప్పావు గంట. చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే ఈ లెక్కలకు రెండు మూడింతలు పట్టొచ్చు. మధ్యలో కరెంటు పోతే? సగంలో ఆగిన కాపీ విడి పేరుతో ఉంటుంది, పూర్తయ్యాకే తేదీ పేరు పడుతుంది. కాబట్టి సగం కాపీని పూర్తిదనుకుని మోసపోయే పని లేదు, మళ్లీ నడిపితే అక్కడి నుంచి అందుకుంటుంది. డిస్క్‌ని మాత్రం ఎజెక్ట్ నొక్కాకే లాగండి.

మొదటి బ్యాకప్ అయిన రోజే ఒక ఫైలు రీస్టోర్ చేసి చూడండి. ఎడమవైపు తేదీ, కుడివైపు ఫైలు, రీస్టోర్ టు అన్నది ఎంచుకుని వేరే ఫోల్డర్‌లోకి. తెరిచి ఒడియా, తెలుగు అక్షరాలు రెండూ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి.

ఇంకొక్క మాట. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లాలో ఏం జరిగిందో మీకు చెప్పక్కర్లేదు. కంప్యూటరూ బ్యాకప్ డిస్కూ ఒకే బల్ల మీద ఉంటే నీళ్లు రెండింటికీ ఒకేసారి వస్తాయి. రెండో డిస్క్ కొని నెలకోసారి కాపీ తీసి దూరంగా ఉంచండి. పాతపట్నంలో చుట్టాలింట్లో పెడితే చాలదు, అదే వాన అక్కడా పడుతుంది. విశాఖలోనో రాయగడలోనో అయితే నయం.

ప్రశ్న: ఉబుంటు పెట్టుకున్నాను. రెండు నెలలుగా టైమ్‌షిఫ్ట్ నడుస్తోంది. ఇప్పుడు పాస్‌వర్డ్ కొడితే తెర ఒకసారి నల్లబడి మళ్లీ లాగిన్ దగ్గరికే వస్తోంది. (గుణుపురం విద్యార్థిని)

లక్షణాలు చూస్తే డిస్క్ నిండిపోయినట్టుంది. వేరే డిస్క్ చూపించకపోతే టైమ్‌షిఫ్ట్ సిస్టమ్ పార్టిషన్ మీదే స్నాప్‌షాట్లు పెడుతుంది. లాగిన్ అయ్యేటప్పుడు డెస్క్‌టాప్ కొన్ని చిన్న ఫైళ్లు రాసుకోవాలి. చోటు లేక రాయలేక వెనక్కి తిరుగుతుంది.

లాగిన్ తెర మీద కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కమ్మా. నల్లటి తెర మీద యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా పడవు, కంగారు పడకు. ఇక్కడ ఇచ్చే ఆదేశాలన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే టైప్ చేయాలి. సుడో అంటే రూట్ అధికారంతో నడపమని. ముందు 'డీఎఫ్ -హెచ్' (df -h) కొట్టి, ఒంటరి స్లాష్ గుర్తు ఉన్న వరసలో 100 శాతం ఉందేమో చూడు. ఉంటే 'సుడో ఆప్ట్ క్లీన్' (sudo apt clean) కొట్టు, దింపుకున్న పాత ప్యాకేజీలు పోయి కొంచెం ఊపిరాడుతుంది. తర్వాత 'సుడో టైమ్‌షిఫ్ట్ --లిస్ట్' (sudo timeshift --list) కొడితే స్నాప్‌షాట్ల జాబితా వస్తుంది. 'సుడో టైమ్‌షిఫ్ట్ --డిలీట్' (sudo timeshift --delete) కొడితే ఏది తీసేయాలో అడుగుతుంది, పాతదాని అంకె ఇవ్వు.

ఒకటి తీసేస్తే పెద్దగా చోటు రాదు. మారని ఫైళ్లు అన్ని స్నాప్‌షాట్లలోనూ పంచుకుని ఉంటాయి కాబట్టి, చివరి స్నాప్‌షాట్ కూడా వదిలితేనే ఆ చోటు ఖాళీ అవుతుంది. మూడు నాలుగు తీసేయాల్సి రావచ్చు. తర్వాత 'సుడో రీబూట్' (sudo reboot).

లోపలికి వెళ్లాక షెడ్యూల్‌లో రోజువారీవి 2, వారానివి 1 మాత్రం ఉంచు, గంటగంటకీ తీసేది ఆపెయ్. పార్టిషన్ 30 జీబీ లోపు ఉంటే స్నాప్‌షాట్లు దాని మీద పెట్టడమే పొరపాటు, వేరే డిస్క్ చూసుకో. ఫ్లాట్‌ప్యాక్ యాప్‌లు (ఏ లైనక్స్‌లోనైనా నడిచేలా కట్టినవి) ఎక్కువ వేసుకున్నా స్నాప్‌షాట్లు ఉబ్బుతాయి. అవి సిస్టమ్ ఫోల్డర్లోనే కూర్చుని ప్రతి అప్‌డేట్‌కీ మారుతుంటాయి.

ప్రశ్న: టైమ్‌షిఫ్ట్‌లో నా 64 జీబీ పెన్‌డ్రైవ్ ఎంచుకోనివ్వడం లేదు. (రాయగడ పాఠకుడు)

అది ఎక్స్‌ఫ్యాట్ లేదా ఫ్యాట్32 అయ్యుంటుంది. పై జవాబులో చెప్పినట్టు ఈఎక్స్‌టీ4 చేస్తే కనిపిస్తుంది. కానీ పెన్‌డ్రైవ్ మీద పెట్టమని మేం చెప్పం. లక్షల చిన్న ఫైళ్లు రాయడం దానికి చేతకాని పని, గంటలు పడుతుంది, తొందరగా అరిగిపోతుంది. ఆ పెన్‌డ్రైవ్‌ని మింట్ లైవ్ యూఎస్‌బీగా, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే మింట్ నడిపేదిగా, మార్చి పెట్టుకోండి. సిస్టమ్ అసలు బూట్ కాని రోజున దానితో బూట్ చేసి, అందులోనే ఉన్న టైమ్‌షిఫ్ట్ తెరిచి, మీ డిస్క్ మీది స్నాప్‌షాట్‌ని చూపించి రీస్టోర్ చేయవచ్చు.

ప్రశ్న: నేను రిటైరైన లెక్చరర్‌ని. డిస్కులు తగిలించడం, తీయడం నాకు కుదరదు. గూగుల్ డ్రైవ్‌లోకి దానంతటదే బ్యాకప్ అయ్యేట్టు ఏదైనా ఉందా? వ్యాసాలు 6 జీబీ, ఫొటోలు 40 జీబీ. (బరంపురం నుంచి)

మీకు డెజా డూప్ సరిపోతుందండీ. మెనూలో బ్యాకప్స్ అనే పేరుతో కనిపిస్తుంది. ఏ ఫోల్డర్, ఎక్కడికి, ఎన్నాళ్లకోసారి అని మూడే ప్రశ్నలు అడుగుతుంది, చోటు దగ్గర గూగుల్ డ్రైవ్ ఉంటుంది.

ఉచిత గూగుల్ ఖాతాకి చోటు 15 జీబీ, అందులో మీ జీమెయిల్, ఫోన్ ఫొటోలు కూడా కలిసే ఉంటాయి. అప్‌లోడ్ వేగం 10 ఎంబీపీఎస్ అయితే 40 జీబీకి ఆగకుండా నడిచినా తొమ్మిది గంటలు. కాబట్టి వ్యాసాలు డ్రైవ్‌లోకి పంపండి. ఫొటోలకు మాత్రం, ఎవరైనా ఇంటికొచ్చినప్పుడు తగిలించమని, ఒక డిస్క్ పెట్టుకోక తప్పదు.

అది అడిగే ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ వేరు, మీ గూగుల్ పాస్‌వర్డ్ వేరు. ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ పోతే ఆ బ్యాకప్‌ని గూగుల్ వాళ్లు కూడా తెరవలేరు. కంప్యూటర్ గుర్తుపెట్టుకుంటుంది కదా అనుకోవద్దు, ఆ కంప్యూటర్ పోయిన రోజునే కదా బ్యాకప్ కావలసింది. కాగితం మీద రాసి బ్యాంకు పాస్‌బుక్కు ఉన్న చోట పెట్టండి.

డ్రైవ్‌లో అర్థంకాని పేర్లతో ఫైళ్లు కనిపిస్తాయి. చోటు కోసమని వాటిలో ఏ ఒక్కటీ చేత్తో తీసేయకండి. ముందు ఒక పూర్తి కాపీ, తర్వాత దాని మీద ఒకదానికొకటి గొలుసుగా మార్పులు ఉండే పద్ధతిలో నడుస్తున్నట్టయితే, మధ్యలో ఒకటి పోగానే ఆ తర్వాతివన్నీ పనికిరావు. చోటు తగ్గించాలంటే ప్రోగ్రాం సెట్టింగ్స్‌లోనే పాతవి ఎన్నాళ్లు ఉంచాలో మార్చండి.

ప్రశ్న: పాత 1 టీబీ హార్డ్ డిస్క్ నుంచి 480 జీబీ ఎస్‌ఎస్‌డీకి మారుతున్నాను. వాడింది 120 జీబీయే. డిస్క్ మొత్తాన్ని ఇమేజ్‌గా కాపీ తీసే రెస్క్యూజిల్లాతో చేస్తే సగంలోనే ఎర్రర్ వచ్చింది. (జయపురం పాఠకుడు)

రెస్క్యూజిల్లా పార్టిషన్‌ని అది ఉన్న సైజులోనే దింపుతుంది. డేటా 120 జీబీయే అయినా పార్టిషన్ 1 టీబీకి విస్తరించి ఉంది, 480లో పట్టదు. లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి జీపార్టెడ్‌లో ఆ పార్టిషన్‌ని 400 జీబీకి కుదించి, మళ్లీ ఇమేజ్ తీసుకుంటే పనవుతుంది. కుదించడం ప్రమాదం లేని పనేమీ కాదు, ముందు ఫైళ్ల బ్యాకప్ ఉండాలి.

ఆ బ్యాకప్ ఎలాగూ తీస్తున్నారు కాబట్టి, మా సలహా ఎస్‌ఎస్‌డీలో లైనక్స్ కొత్తగా వేసుకుని ఫైళ్లు తెచ్చుకోమనే. తక్కువ సమయం పడుతుంది, పాత చెత్త కూడా వదిలిపోతుంది. క్లోనే (డిస్క్‌కి అచ్చంగా నకలే) కావాలనుకుంటే, పూర్తయ్యాక రెండు డిస్కులూ తగిలించి బూట్ చేయకండి. రెండింటికీ ఒకే యూయూఐడీ ఉంటుంది. సిస్టమ్ దేని మీద నుంచి లేచిందో మీకు తెలియదు, మీరు పాతదాని మీదే పని చేస్తూ ఉండొచ్చు.

ప్రశ్న: పాత కంప్యూటర్ బ్యాకప్ నుంచి కొత్తదానిలోకి ఫైళ్లు తెచ్చాం. అన్నిటి మీదా తాళం గుర్తు ఉంది, తెరిచినా సేవ్ కావడం లేదు. (గుణుపురం, ఒక బడి ఉపాధ్యాయుడు)

లైనక్స్ యజమానిని పేరుతో కాదు, అంకెతో గుర్తిస్తుంది. ఉబుంటు, మింట్ లాంటివాటిలో మొదట సృష్టించిన యూజర్‌కి 1000, రెండోవారికి 1001. పాత మెషీన్లో మీరు రెండో యూజర్ అయ్యుంటారు, కొత్తదానిలో మొదటివారు. ఫైళ్ల మీద 1001 అని ఉంది, మీరు 1000. ఫైల్ మేనేజర్‌ని రూట్‌గా తెరిచి, ఆ ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో ఓనర్‌గా మీ పేరు పెట్టి, లోపలి ఫైళ్లకూ వర్తింపజేయండి. ఈ పని తెచ్చుకున్న ఫోల్డర్ మీద మాత్రమే చేయాలి. పొరపాటున సిస్టమ్ మొత్తానికి ఓనర్ మార్చేస్తే సుడో కూడా పనిచేయదు.

ప్రశ్న: బ్యాకప్ డిస్క్‌ని ఎన్నేళ్లకోసారి మార్చాలి? (పర్లాకిమిడి నుంచి మరొకరు)

ఏళ్లు చూసి కాదు, డిస్క్స్ ప్రోగ్రాంలో స్మార్ట్ డేటా (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) చూసి. రెండు వరసలు చాలు: రీఅలొకేటెడ్ సెక్టార్లు (పాడై, బదులు వేరే చోటు వాడినవి), పెండింగ్ సెక్టార్లు (పాడయ్యాయేమోనన్న అనుమానంలో ఉన్నవి). రెండూ సున్నా ఉంటే మంచిది. మొదటిది చిన్న అంకె దగ్గర నెలల తరబడి కదలకుండా ఉంటే గమనిస్తూ వాడొచ్చు. నెలనెలా పెరుగుతున్నా, పెండింగ్ సున్నాకి రాకపోయినా కొత్త డిస్క్ కొనండి. కొన్ని చవకరకం యూఎస్‌బీ కేసులు ఈ వివరాలను బయటికి పంపవు, మెనూలో ఆ వరస మసకగా ఉంటుంది. అప్పుడు డిస్క్‌ని కేసులోంచి తీసి నేరుగా కంప్యూటర్ లోపలి సాటా కేబుల్‌కి తగిలించి చూడాలి.